తెరమీది బొమ్మ, శిలాఫలకం మీది పేరు

(ఆటోనగర్ సంఘములో యువజనుల, కార్మిక కుటుంబాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



డయాసిస్ శతాబ్ది ఉత్సవాల సందర్భంగా నాకిచ్చిన అంశం ఇది: సినిమాలు, నాటకాలు మనలను కించపరచినప్పుడు వాటిని నిషేధించమని అడగడం క్రైస్తవులకు తగునా? దీనిమీద మన యువజనుల్లో రెండు పక్షాలున్నాయని విన్నాను. మన విశ్వాసాన్ని ఎగతాళి చేసేదేదైనా సరే ఆపించాలి, ఊరుకుంటే అలుసైపోతాము అని ఒక పక్షం. సినిమా సినిమాయే గదా, మూడు గంటలు చూసి మరచిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని రెండవ పక్షం. రెండింటిలోనూ కొంత నిజమున్నది. కొంత తొందరపాటూ ఉన్నది. అందుచేత తీర్పు చెప్పే ముందు సాక్ష్యం వినడం న్యాయము.

ముందు రెండవ పక్షానికి జవాబు చెబుతాను. సినిమా సినిమాయే అనేమాట నిజమైతే మన బెజవాడ పేరు చెప్పగానే బయటి ఊరివాళ్ళు ఎందుకు నవ్వుతారు? పిల్లకు సంబంధం చూడబోతే, మీ ఊళ్ళో కత్తులు తిరుగుతాయటగదా అని ఎందుకు అడుగుతారు? ఈ ఊళ్ళో ముఠా కక్షలు జరగలేదని నేననను. జరిగినవి. కాని పది లక్షల మంది బతుకులో అది ఒక ముక్క. ఆ ఒక్క ముక్కనే పదేపదే తెరమీద చూపిస్తే, చూసేవాడికి ఊరంతా అదే అనిపిస్తుంది. 2011లో వచ్చిన ఒక సినిమాకు మొదట 'బెజవాడ రౌడీలు' అని పేరు పెట్టారు. ఊళ్ళో అభ్యంతరాలు లేచిన తరువాత 'బెజవాడ' అని కుదించారు. 2014లో మన పేటపేరే పెట్టి 'ఆటోనగర్ సూర్య' వచ్చింది. బండికి ప్రాణం పోసే పనివాడు అందులో కథానాయకుడైనందుకు సంతోషమే. కాని అతని చుట్టూ పేటంతా దౌర్జన్యం, దందా. తెల్లవారి షట్టరు ఎత్తి, లేతు మీద రోజంతా నిలబడి, సాయంత్రం పిల్లల ఫీజు లెక్క చూసుకొనే వేలమంది ఆ కథలో కనబడరు. తప్పుడు బొమ్మ ఎలా నొప్పిస్తుందో ఆటోనగర్ వాసులకు మరొకరు చెప్పనక్కరలేదు.

ఇక తెరమీద క్రైస్తవుని బొమ్మ. తెలుగు సినిమాలో చాలాకాలం మనకు దొరికిన వేషాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. ఆసుపత్రి సీనులో నర్సు మేరీ. క్లబ్బు పాటలో లిల్లీయో రోజీయో. ప్రతినాయకుని వెనుక చారల బనీను వేసుకొని నిలబడే రాబర్టో, పీటరో. చేతిలో సీసా ఉన్న అంకుల్. ఈ వేషాలకు భాషా వేరే. మనమెవరమూ ఇంట్లో మాట్లాడని వంకర తెలుగు. కృష్ణా డెల్టాలో నాట్లు వేసే, కోతలు కోసే, మగ్గం నేసే, బడిలో పాఠం చెప్పే తెలుగు క్రైస్తవుడు, అంటే మన పల్లెల్లో నిజంగా ఉన్నవాడు, తెరమీదికి వచ్చింది బహు అరుదు.

ద్వేషముతో తీసిన సినిమాలను పక్కన పెడదాము. ప్రేమతో తీసినదాన్నే చూద్దాము. 1955లో విజయావారు నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ గారు దర్శకత్వం వహించిన 'మిస్సమ్మ' మనమందరమూ మెచ్చిన చిత్రము. అందులో మేరీ చదువుకున్నది, ఆత్మాభిమానము గలది, అప్పు తీర్చి తల్లిదండ్రులను కాపాడాలని తపించే పిల్ల. అంత గౌరవంగా ఒక క్రైస్తవ యువతిని అంతకుముందు మన తెర చూపలేదనే చెప్పాలి. మన ప్రాంతపు ఆడపడుచు సావిత్రిగారు ఆ పాత్రకు ప్రాణం పోశారు. ఉద్యోగం కోసం ఆమె, ఒక హిందూ యువకుడు భార్యాభర్తలుగా నటిస్తారు. ఇద్దరికీ మనసులు కలుస్తాయి. మరి పెళ్ళి ఎలా? కథ ఒక దారి వెతికింది. మేరీ మేరీయే కాదు, చిన్నతనంలో తప్పిపోయిన జమీందారుగారి పెద్ద కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. చిక్కు విడిపోయింది. చూసినవారందరూ ఆనందించారు. ఎవరూ అవమానించబడలేదు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. మేరీ మేరీగానే ఉండి ఆ ఇంటి కోడలు కావడం ఆ కథకు సాధ్యపడలేదు. అంత మంచి పిల్ల మనదే అయివుండాలి అని కథ తేల్చింది. ఆమెను పెంచిన తల్లిదండ్రుల ప్రేమ మిగిలింది గాని, వారు పెట్టిన పేరు పోయింది.

ఇది తిట్టు కాదు. అందుకే నేను దీన్ని ఉదాహరణగా తీసుకున్నాను. దురభిప్రాయము ఎల్లప్పుడూ తిట్టు రూపములోనే రాదు. ఒక్కొక్కసారి మెచ్చుకోలు రూపములో కూడా వస్తుంది. దీన్ని ఏ సెన్సారు కత్తెర కత్తిరించగలదు? ఏ సీను తీసివేయమని అర్జీ పెడతాము?

పైగా ఇది తెరమీదనే ఆగిపోలేదు. షెడ్యూల్డ్ కులాల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డ్ కులాలనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా లెక్కిస్తారు. వారికి షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఆ వాదోపవాదాలు మరొక సభకు వదిలేద్దాము. దానివల్ల మన ఇళ్ళలో జరిగినది మాత్రం చెప్పాలి. ఎన్నో కుటుంబాల్లో పిల్లలకు రెండు పేర్లు. బాప్తిస్మపు రిజిస్టరులో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. ఆదివారము మేరీ, సోమవారము మహాలక్ష్మి. ఎవరినీ నిందించడానికి ఈ మాట అనడం లేదు. పిల్లవాడి చదువు, ఉద్యోగము కోసం తల్లిదండ్రులు పడిన అవస్థ అది. మిస్సమ్మలో చివరి రీలుకు వచ్చిన మార్పు మనవాళ్ళు వారం వారం అనుభవించారని చెప్పడమే నా ఉద్దేశము. కాబట్టి సినిమా సినిమాయే అనే పక్షానికి నా జవాబు ఇది: ఎవరి పేరు గౌరవముగా పలకదగినదో, ఎవరిది దాచుకోదగినదో నేర్పే బడి సినిమా. దాన్ని తేలికగా తీసివేయరాదు.

ఇప్పుడు మొదటి పక్షము దగ్గరకు వస్తాను. అయితే నిషేధిద్దామా?

మనకు అనుభవమున్నది. 2006లో 'ది డావిన్సీ కోడ్' అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. ప్రభువు జీవితాన్ని గురించి అందులోని కల్పన మన హృదయాలను గాయపరచిన మాట నిజము. కేంద్ర సెన్సారు బోర్డు దానికి పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికేటు ఇచ్చింది. అయినా క్రైస్తవ సంస్థల వినతులమీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జూన్ నెలలో రాష్ట్రములో ప్రదర్శనను నిషేధించింది. మనవారు కొందరు దాన్ని విజయముగా భావించారు. అదే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వము తాను స్వయంగా పరిశీలించి నిర్ణయించక, వినతిపత్రాలనే ఆధారము చేసుకున్నదని తప్పుపట్టింది. అంతకుముందే 1989లో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రం కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రము చెప్పింది. ఊరేగింపులు జరుగుతాయి, గొడవలవుతాయి అనే బెదిరింపుకు తలవంచి భావప్రకటనను అణచరాదు, శాంతిభద్రతలు కాపాడడమే ప్రభుత్వపు విధి అని దాని సారాంశము. ఆ చిత్రము రిజర్వేషన్ విధానాన్ని విమర్శించినది. మనలో చాలామందికి ఆ చిత్రములోని వాదన రుచించదు. అయినా ఆ సూత్రము ఎవరిని కాపాడుతుందో చూడాలి.

మన డెల్టా చరిత్రే చెబుతుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు 'మాలపిల్ల' తీశారు. చలంగారి కథ, తాపీ ధర్మారావుగారి మాటలు. కాంచనమాల నాయిక. అంటరానితనాన్ని, ఆలయప్రవేశాన్ని తెరమీద చర్చకు పెట్టిన చిత్రము. నొచ్చుకున్నవారు ఆనాడు లేకపోలేదు. నొచ్చుకున్నవాడి మాటే చెల్లాలంటే ఆ సినిమా ఆడేదే కాదు. మరుసటి సంవత్సరము వారే తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ పీడనను చూపినందుకు కొన్నిచోట్ల నిషేధానికి గురైనది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల 'మాభూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడుతుంటే అప్పటి మద్రాసు ప్రభుత్వము నిషేధించింది. నాటకాలను అదుపుచేయడానికి తెల్లదొరలు 1876లో చేసిన చట్టము స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడా డెబ్బయి యేళ్ళు బతికి, 2018లో గాని రద్దు కాలేదు. ఈ వరుసలో దెబ్బతిన్నది ఎవరు? పాలేరు కథ, రైతు కథ. నిషేధమనే కత్తి పిడి ఎప్పుడూ బలవంతుని చేతికే అందుబాటులో ఉంటుంది. ఒక్కరోజు మనకు అరువిచ్చినంత మాత్రాన అది మనదైపోదు.

పొరుగున కేరళలో జరిగినది ఇంకా ఘోరము. 1930 ప్రాంతములో తొలి మలయాళ చిత్రము 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే పులయ కులపు యువతి నాయరు స్త్రీ వేషము వేసింది. దళిత స్త్రీ తమ ఇంటి ఆడపడుచుగా నటించడమా అని అగ్రకులాలవారు దౌర్జన్యానికి దిగారు. ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ చిత్రము నేడు దొరకదు. ఆమె పేరు కూడా దశాబ్దాలపాటు ఎవరూ తలచలేదు. సర్కారు ఉత్తర్వు అక్కరలేకుండా గుంపే చేసిన సెన్సారు అది. మనోభావాలు దెబ్బతిన్నాయి అనే మాటను ఆ గుంపు కూడా వాడగలదని మనము మరువరాదు.

ఈమధ్య సంగతి 'చింతామణి'. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి రాసిన నాటకము. వందేళ్ళుగా మన పల్లెల్లో తిరునాళ్ళకు ఆడుతున్నారు. అందులోని సుబ్బిశెట్టి పాత్రను ఆడేవారు కాలక్రమాన బూతు హాస్యానికి దించారని, తమ కులాన్ని వేళాకోళము చేస్తున్నారని ఆర్యవైశ్యులు ఎంతోకాలంగా మొరపెట్టుకున్నారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము నాటకాన్నే నిషేధించింది. ఆర్యవైశ్యుల బాధ నిజమైనది. దాన్ని తేలికచేసే హక్కు మనకు లేదు. రాబర్టు వేషము చూసి మనము ముఖము చిట్లించినట్టే వారూ చిట్లించారు. కాని నిషేధముతో పోయింది హార్మోనియము పెట్టె మోసుకొని రాత్రిపూట బస్సులెక్కే పేద కళాకారుల కూడు. కులాన్ని గేలిచేసే అలవాటు మాత్రము ఆ నాటకముతో పుట్టలేదు, ఆ నాటకముతో పోలేదు. బూతు జోడింపులను తీసివేసి మూలరచనకు మళ్ళమని నాటక సమాజాలను, ఆ కులపెద్దలను ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించి ఉంటే ఇద్దరికీ గౌరవము దక్కేది.

ఇక్కడున్న మెకానిక్కు సోదరులకు తెలిసిన సంగతే చెబుతాను. బ్రేకు లేని లారీ ప్రమాదము. అలాగని బ్రేకు పట్టేసిన లారీ కూడా క్షేమము కాదు. డ్రమ్ము వేడెక్కి, లైనరు కాలి, బండి నడిరోడ్డుమీద నిలిచిపోతుంది. ఒక వర్గముమీద దాడి చేయండని ప్రేరేపించే సినిమా వస్తే చట్టమున్నది, పోలీసున్నాడు, కోర్టున్నది. ఆ బ్రేకు తొక్కవలసిందే. పసిపిల్లలు చూడదగనిదాన్ని వేరుచేయడమూ సబబే. 2023లో చట్టాన్ని సవరించి ఏడు, పదమూడు, పదహారేళ్ళ వయసులనుబట్టి సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతి తెచ్చారు. కాని మనకు నచ్చని ప్రతి మాటకూ బ్రేకు తొక్కితే బండి కదలదు. రేపు మన కథ మోసుకుపోవలసినదీ అదే బండి.

మన విశ్వాసాన్ని ప్రశ్నించడము వేరు, మన మనుషులను హీనపరచడము వేరు. ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రభువే ప్రశ్నలకు భయపడలేదు. హీనపరచడాన్ని ఎదిరించాలి. కాని సత్యము చూపి ఎదిరించాలి. 1978లో విజయచందర్ గారు 'కరుణామయుడు' తీసినప్పుడు ఏమి జరిగినదో పెద్దలకు జ్ఞాపకము. అన్ని మతాలవారూ కుటుంబాలతో వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకొని చూశారు. ఎన్ని నిషేధపు ఉత్తర్వులు తెచ్చినా అంత గౌరవము రాదు.

ఇంతవరకు ఇతరుల తెర గురించి మాట్లాడాను. ఇప్పుడు మన తెర గురించి. శతాబ్ది సంచిక అంటే అదీ ఒక తెరే. అందులో ఎవరి బొమ్మ వేస్తాము, ఎవరిది కత్తిరిస్తాము?

జాషువగారిని తలచుకోండి. టాకీలు లేని 1915-16 ప్రాంతాల్లో ఆయన రాజమండ్రిలో సినిమా వాచకునిగా పనిచేశారు. తెరమీద మూగబొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథ చదివి వినిపించే పని. ఇతరుల బొమ్మలకు గొంతు ఇచ్చిన ఆ మనిషే తరువాత 1941లో 'గబ్బిలము' రాసి, గొంతు లేనివారికి గొంతు అయ్యాడు. అగ్రకులాలవారు సభల్లో అవమానించారు. ఆ మాట మనము వేదికలమీద గట్టిగానే చెబుతాము. కాని హిందూ పురాణ విషయాలమీద కవిత్వము రాస్తున్నాడని మన క్రైస్తవ పెద్దలు కూడా ఆయనను వెలిగా చూసిన సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాము. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక ఆయన మనవాడైపోయాడు. ఇదీ సెన్సారే గదా!

కృష్ణా మండలములో సువార్త చరిత్ర రాసేటప్పుడు మచిలీపట్నములో దిగిన నోబుల్ దొరగారు, ఫాక్సు దొరగారు, 1841 అని తేదీతో సహా రాస్తాము. రాయవలసిందే. వారు ప్రాణాలొడ్డినవారు. రాఘవాపురపు పగోలు వెంకయ్యగారిని కూడా తలుస్తాము. మాలపల్లెలో పుట్టి, సత్యము వెదకి, 1859లో బాప్తిస్మము పొంది, తన ఊరినే కాక చుట్టుపక్కల పల్లెలను కదిలించిన పెద్ద. కాని ఆయన్ను ఎలా తలుస్తాము? మారుమనస్సు పొందిన దొంగల నాయకుడు అని. కథ రక్తి కడుతుంది, నిజమే. అయితే ఆ తరువాత ముప్పయ్యేళ్ళకు పైగా ఆయన నడిచిన నడక, చేసిన బోధ, పెంచిన సంఘము ఎక్కడ? సినిమావాడు రాబర్టుకు చారల బనీను తొడిగితే మనకు కోపము వచ్చింది. మన తొలి పెద్దకు మనము తొడిగిన చొక్కా ఏమిటి?

ఇక బైబిలు స్త్రీలు. గడప గడపకు నడిచి, గోషాలో ఉన్న స్త్రీలకు అక్షరాలు నేర్పి, కలరా రోజుల్లో రోగుల పక్కన కూర్చున్న ఆ తల్లుల పేర్లు ఏ శిలాఫలకం మీద ఉన్నవి? పాత నివేదికల్లో చాలాచోట్ల వారు ఒక అంకె మాత్రమే. ఇంకొక మాట. ఇది చేదు. కొన్ని ఊళ్ళలో ఒకే ప్రభువు బల్లకు వచ్చినవారు పెళ్ళి మాటల్లోను, సమాధుల దగ్గరా కులాన్ని వదలలేదు. మాల సంఘము, మాదిగ సంఘము అని వేరుగా చెప్పుకున్నారు. శతాబ్ది సంచికలో ఈ మాట రాయవద్దు, పండుగపూట ఎందుకని కొందరు పెద్దలు సలహా ఇస్తున్నారు. వారి మంచి ఉద్దేశాన్ని నేను శంకించను. కాని వినయముతో ఒకటి మనవి చేస్తాను. మత్తయి సువార్తికుడు ప్రభువు వంశావళి రాస్తూ తామారును తీసివేయలేదు. రాహాబును దాచలేదు. అన్యురాలైన రూతు పేరు రాశాడు. ఊరియా భార్య సంగతి కూడా మరుగుపరచలేదు. పేతురు బొంకిన రాత్రిని నలుగురు సువార్తికులూ రాశారు. సంఘానికి పునాది వంటి పెద్ద గదా, ఎందుకులే అనుకోలేదు. రాజుల చరిత్రకూ విశ్వాసుల చరిత్రకూ తేడా అదే. ఇతరులు మన గురించి సత్యము చెప్పాలని అడిగేవారము, మన గురించి మనము సగమే చెప్పుకుంటే ఆ అడగడానికి బలముండదు.

కనుక యువజనులకు నా మనవి మూడు మాటలు. ఒకటి, మనలను వెక్కిరించే సినిమా వస్తే ముందు చూడండి. చూడకుండా అర్జీ మీద సంతకము పెట్టకండి. చూసి తప్పు ఏమిటో స్పష్టముగా పత్రికకు రాయండి, తీసినవారికి రాయండి, సభ పెట్టండి. రెండు, ఇతరుల కులాన్ని, మతాన్ని, భాషను, ఆడవారిని గేలిచేసే హాస్యానికి మన క్రిస్మసు నాటికల్లో చోటు ఇవ్వకండి. హాస్యము కోసం కోమటిని, తాగుబోతు కోసం ఎరుకలవాణ్ణి వేషము కట్టించే నాటికలు మన ఆవరణల్లోనూ జరుగుతున్నవి. మూడు, ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘములోను ఎనభై యేళ్ళు దాటినవారి దగ్గర కూర్చోండి. మీ ఊరికి మొదట పాట నేర్పిన ఉపదేశి ఎవరు, బైబిలు స్త్రీ పేరేమిటి, గుడికి మట్టి మోసినదెవరు, ఎవరిని ఎక్కడ కూర్చోనివ్వలేదు, అడిగి రాయండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనులున్నవి. వారి గొంతులు రికార్డు చేయండి. ఆ గొంతులు పోతే మళ్ళీ రావు.

సంచిక సంపాదకవర్గమువారికి కూడా ఒక విన్నపము. దొరల బొమ్మలు, బిషప్పుల బొమ్మలు వేయండి. వాటి పక్కనే ఆ పేర్ల పట్టిక కూడా వేయండి. పేరు దొరకనిచోట, పేరు తెలియని బైబిలు స్త్రీ అని అయినా అచ్చువేయండి. ఖాళీని ఖాళీగా చూపడము కూడా సత్యమే.

నజరేతు ఊరివాడనగానే నతనయేలుకు చులకన కలిగింది. ఫిలిప్పు అతని నోరు మూయించలేదు, వాదము పెంచలేదు. తనతో వచ్చి కళ్ళారా చూడమని పిలిచాడు. చూసిన తరువాత నతనయేలు మాట మారింది. బెజవాడ అన్నా, ఆటోనగర్ అన్నా, మాలపల్లె అన్నా, మాదిగపల్లె అన్నా, క్రైస్తవుడన్నా చులకనగా చూసే లోకానికి మనమూ అదే పిలుపు ఇవ్వాలి. పిలవాలంటే మన ఇంట్లో దీపము వెలగాలి, ఏ గదికీ తాళము ఉండరాదు.

 సత్యమును ప్రేమతో పలుకు ధైర్యము ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.